మౌనం అంగీకారం కాదు: కాలేజీకి పోయే పిల్లలకు ఇంట్లో చెప్పాల్సిన మాటలు

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన షోలాపూర్‌లో, కన్నా చౌక్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ దాకా, ఇంటింటా ఒకటే హడావుడి. ఫీజు ఎంత, సర్టిఫికెట్లు వచ్చాయా, పుణెలో హాస్టల్ దొరుకుతుందా అని అన్నీ అడుగుతాం. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే ఏం చెయ్యాలి, చేతికి గ్లాసు ఇస్తే ఏం చెయ్యాలి, ఎదుటి మనిషి వద్దంటే ఎట్లా ఆగాలి అన్నవి మాత్రం చెప్పం.

నేను మిల్లు కార్మికుడి బిడ్డను. అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఇప్పుడు ఇక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కొత్తగా చేరిన పిల్లల కోసం యూజీసీ 'దీక్షారంభ్' అనే పరిచయ కార్యక్రమం పెట్టమంటుంది. మా కాలేజీలో అందులో ఒక పూట ఈ సంగతులు మాట్లాడే పని నాది. అక్కడ పిల్లలకు చెప్పేవే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

సమ్మతి అంటే

'మౌనం అర్ధాంగీకారం' అని మనలో ఒక మాట ఉంది. పెళ్లిచూపుల్లో అమ్మాయి తలవంచుకుంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాం. చట్టం అట్లా అనుకోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం సమ్మతి అంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా, ఇష్టపడి తెలపాలి. తిరగబడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి లేదు. భయపెట్టి అనిపించిన 'సరే' చెల్లదు. మత్తులో ఏం జరుగుతోందో తెలియని మనిషి అన్న 'సరే' కూడా చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల 'సరే'ను చట్టం లెక్కలోకే తీసుకోదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చాలామందికి పదిహేడే ఉంటాయని మరవకండి.

ఇది చెప్పగానే మగపిల్లల నుంచి ఒక ప్రశ్న వస్తుంది. "మేడమ్, సినిమాలల్ల హీరోయిన్ ముందు వద్దంటది, వెంటపడంగ వెంటపడంగ ఒప్పుకుంటది గదా?"

"నిన్న నీ దోస్తుకు బండి తాళం ఇచ్చినవు. ఇయ్యాల అడగకుండ తీస్కపోతే ఊకుంటవా?" అని నేను అడుగుతాను.

"ఊకోను మేడమ్."

"బండికే అంత ఉంటే మనిషికి ఎంత ఉండాలె?"

క్లాసు నవ్వుతుంది, తర్వాత ఆలోచనలో పడుతుంది. వద్దన్న అమ్మాయి వెంట పదేపదే తిరగడం, ఫోన్లో వేధించడం నేరమని, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు ఉండొచ్చని అప్పుడు చెబుతాను. ఈ మాట కొడుకులకు ఇంట్లో తండ్రి చెబితే ఇంకా బాగా ఎక్కుతుంది. ఆడపిల్లకు పది జాగ్రత్తలు చెప్పే ఇల్లు మగపిల్లాడికి ఒక్కటైనా చెప్పాలి కదా.

మత్తు సంగతి

హాత్‌భట్టీ సారా మన బస్తీల్లో ఎన్ని ఇళ్లు కూల్చిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాలేజీ దగ్గర గంజాయి, దగ్గు మందు, నిద్రమాత్రలు కూడా తోడవుతాయి. తాగొద్దని చెప్పండి. దాంతోపాటు ప్రాణం కాపాడే సంగతులూ చెప్పండి. మూత తీసి ఉన్న సీసా, వదిలేసి పోయిన గ్లాసు మళ్లీ ముట్టుకోవద్దు. మందుతో పాటు మాత్రలు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

దోస్తు స్పృహ తప్పితే నిమ్మరసం, మజ్జిగ నోట్లో పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వదలకుండా దగ్గరే ఉండి, 108కి ఫోన్ చెయ్యాలి. ఏం తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మానుకోవాలనుకునే వాళ్లకు 14446 అనే ఉచిత నంబరు ఉంది.

ఏదైనా జరిగితే

యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలే పెద్ద. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులూ అందులో కూర్చుంటారు. సంగతి జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వొచ్చు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. మగపిల్లలకు జరిగినా చెప్పుకోవచ్చు.

అత్యాచారమైతే ముందు ఆసుపత్రికి పోవాలి. సర్కారుదైనా ప్రైవేటుదైనా మొదటి చికిత్స ఉచితంగా చెయ్యాల్సిందే. వీలైతే స్నానం చెయ్యకుండా, ఆ బట్టలు ఉతకకుండా తీసుకుపోవాలి. ఏ పోలీస్ స్టేషన్‌కు పోయినా, మా హద్దు కాదని తిప్పి పంపకుండా కేసు రాసుకోవాలి. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం.

ఇంటి భయం

ఇన్ని చట్టాలు చెప్పాక కూడా, క్లాసు అయిపోయిన తర్వాత ఒకరిద్దరు తలుపు దగ్గర ఆగుతారు. "మేడమ్, మా నాయినకు మాత్రం ఎరుక కావద్దు. తెలిస్తే చదువు బంద్ చేసి పెండ్లి చేస్తరు."

ఏళ్లుగా ఇదే మాట వింటున్నాను. వేధించినవాడి కంటే వాళ్లకు ఇంటి భయమే ఎక్కువ. వాడికీ కావాల్సింది అదే. పిల్ల ఇంట్లో చెప్పదని తెలిస్తే వాడికి ఇంకా ధైర్యం వస్తుంది. తప్పు చేసినవాడు దర్జాగా కాలేజీకి వస్తుంటే, మన పిల్ల పుస్తకాలు మూసి ఇంట్లో కూర్చోవడం ఏం న్యాయం?

అందుకే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈ నెలలో ఒక రాత్రి, మగ్గం ఆగినంక, అన్నాలు తిన్నంక, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: "ఏం జరిగినా మాకు చెప్పు బిడ్డా. నిన్ను తిట్టం. నీ చదువు మాన్పించం." కొడుక్కీ చెప్పండి, కూతురికీ చెప్పండి. చెప్పినాక ఆ మాట మీద నిలబడండి.

ఆపదలో 112, మహిళలకు 181, మనసు బాగాలేకపోతే 14416. ఈ పేజీ కత్తిరించి పిల్లల పెట్టెలో, సర్టిఫికెట్ల పక్కన పెట్టండి.