స్కాన్ మంచిగొచ్చింది సరే.. మనిషి ఎట్లున్నడు?

రెండేండ్ల కింద మా పెద్దనాయనకు పత్తి చేన్ల ఫిట్స్ వచ్చినయ్. ఊర్ల కొందరు గాలి సోకిందన్నరు, కొందరు ఎండదెబ్బ అన్నరు. తాయెత్తు గూడ కట్టిచ్చినం. రెండోపారి వచ్చినంక పట్నం తీస్కపోయి ఎమ్మారై తీయిస్తె మెదడుల గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేసి తీసినంత తీసిండ్రు. ముక్క పరీక్షల గ్లియోబ్లాస్టోమా అని వచ్చింది. మెదడుల పుట్టే క్యాన్సర్లల్ల బాగ మొండిది ఇది. ఇగ రేడియేషన్ పెట్టాలె అన్నరు.

మనకాడ దీన్ని ‘కరెంటు పెట్టుడు’ అంటరు. ఆ మాట ఇనంగనే షాక్ కొడ్తరనుకొని పెద్దమ్మ గజగజ వణికింది. అది కరెంటు గాదు. ఎక్స్‌రే అసొంటి కిరణాలే, కాకుంటె మస్తు బలమైనయి. లినాక్ అనే మిషన్ నుంచి గడ్డ ఉన్న జాగకు గురిపెట్టి పంపుతరు. కిరణాలు పడేటప్పుడు నొప్పి ఉండదు. పెయ్యిల రేడియేషన్ నిలువ ఉండదు. ఇంటికొచ్చి సంటిపిల్లల్ని ఎత్తుకున్నా వాళ్లకేం కాదు. తల కదలొద్దని ఒక ప్లాస్టిక్ జాలిని వేడినీళ్లల్ల మెత్తగ చేసి మొఖానికి మాస్క్ లెక్క అచ్చు తీస్తరు. రోజూ ఆ మాస్క్‌ను బల్లకు బిగిస్తరు. కొందరికి అండ్ల ఊపిరాడనట్టు భయమైతది. ముందుగాలనే చెప్తె సిబ్బంది ధైర్యం చెప్తరు, మధ్యల చెయ్యి లేపితె మిషన్ ఆపుతరు.

వారానికి 5 రోజులు, 6 వారాలు, మొత్తం 30 సార్లు. రోజుకు 2 గ్రే చొప్పున 60 గ్రే. దాంతోపాటు టెమోజోలమైడ్ అనే గోళీ. 2005ల వచ్చిన పెద్ద పరిశోధనల, ఒట్టి రేడియేషన్ తీస్కున్నోళ్లల్ల సగం మంది 12.1 నెలలు దాటి బతికిండ్రు. గోళీ గూడ తోడైనోళ్లల్ల సగం మంది 14.6 నెలలు దాటి బతికిండ్రు. ఏండ్లకేండ్లు బతికినోళ్లు గూడ ఉన్నరు, గని తక్కువ. అంటె ఇంత తిప్పలు పడితె చానామందికి దొరికేటియి కొన్ని నెలలు. అసొంటప్పుడు ఆ నెలలు ఎట్ల గడుస్తున్నయని అడగకపోతె ఎట్ల? నేను అడగలే. అందుకే ఇది రాస్తున్న.

మూడో వారంల పెద్దనాయన పొద్దంత పండుడే. ‘గిట్ల పండుకుంటె ఎట్లనే, జర లేసి నడువు’ అని కసిరిన. ‘కాళ్లు లేస్తలేవు బిడ్డా’ అన్నడు. నాలుగింటికే లేసి చేనుకు పోయిన మనిషిని పట్టుకొని బద్ధకం అన్న. తర్వాత ఒక నర్సమ్మ చెప్పింది, అది మెదడుకు రేడియేషన్ పడ్డోళ్లకు వచ్చే నీరసమని, ఎంత నిద్రపోయినా తీరదని. రేడియేషన్ అయిపోయినంక గూడ కొన్ని వారాలకు మల్ల మత్తుగ ఉండొచ్చట. మనిషికి ఏ టైంల జర ఓపిక ఉంటదో చూసి ఆ టైంకే తానం, తిండి, నాలుగడుగుల నడక పెట్టుకోమన్నది. కసురుడు బంద్ చేసినంక ఆయనే పొద్దుగాల చాయ్ దాక నడిచిండు.

ఇంకోటి డెక్సామెథాసోన్. మెదడుల వాపు తగ్గనీకి ఇచ్చే స్టెరాయిడ్. తలనొప్పి తగ్గింది గని ఆకలి పెరిగింది, మొఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, నిద్ర పోయింది. రాత్రి రెండింటికి లేసి పెద్దమ్మ మీద అరుస్తుండె. ‘ఈయన గుణమే మారింది’ అని ఆమె ఏడ్సింది. డాక్టర్‌కు చెప్తె రాత్రి గోళీని పగటికి మార్చిండు. నిద్ర కొంత వచ్చింది, అరుసుడు తగ్గింది. ఈ గోళీని మాత్రం సొంతంగ బంద్ చేయొద్దు. ఫిట్స్ గోళీలు గూడ ఒక్క పూట తప్పొద్దు, బండి నడపొద్దు. జ్వరమొస్తె తెల్లారేదాక ఆగొద్దు, టెమోజోలమైడ్‌తోని రక్తకణాలు తగ్గి ఇన్‌ఫెక్షన్ జల్ది ముదురుతది.

వారానికోపారి డాక్టర్ ‘ఎట్లున్నవ్’ అంటుండె. పెద్దనాయన ‘మంచిగున్న సారూ’ అంటుండె. బయట వంద మంది లైన్ల ఉంటె ఇంకేం చెప్తడు? రేడియేషన్ అయిపోయి మూడు నెలలైనంక స్కాన్ తీసిండ్రు. గడ్డ పెరగలేదన్నరు. మేం సంబురపడ్డం. ఆయన బస్సుల కిటికీ దిక్కు చూసుకుంట, ‘గడ్డ సంగతి సరే బిడ్డా, నేను నా లెక్క లేను’ అన్నడు. కిరాణంల చిల్లర లెక్క తప్పుతున్నడట. మనుమరాలి పేరు నోటికి వస్తలేదట. నవ్వుతరని ఎవ్వరికీ చెప్పలే.

ఇసొంటియి అడగనీకి ఒక పద్ధతి ఉన్నది. యూరప్‌ల ఈఓఆర్‌టీసీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ 30 ప్రశ్నల పత్రం తయారుచేసింది, మెదడు గడ్డలున్నోళ్లకు ఇంకో 20 చేర్చింది. నీరసం, తలనొప్పి, ఫిట్స్, కాళ్లల్ల బలం, మాట దొరకకపోవుడు, మూత్రం ఆపుకోలేకపోవుడు, రేపటి మీద బుగులు, ఇంట్ల సంసారం, ఆఖరికి పైసల తిప్పలు గూడ అడుగుతరు. అంటె ఇవన్నీ మందుల ముచ్చట్లే. రోగి గునుస్తుండని పక్కకు పెట్టేటియి గావు.

పైసల ముచ్చట నిజంగనే పెద్దది. మాకు రేడియేషన్ ఆరోగ్యశ్రీల అయింది. గని 6 వారాల రూము కిరాయి, తిండి, ఆటోలు, ఇద్దరి కూలి పోవుడు ఏ కార్డుల లేవు. రైలుకు పోయేటోళ్లయితె క్యాన్సర్ పేషెంట్‌కు, తోడుపోయేటోళ్లకు టికెట్ల రాయితీ ఉన్నది, దవాఖాన్ల ఫారం రాయించుకోవాలె. వయసు మీద పడ్డోళ్లకు, బాగ నీరసంగ ఉన్నోళ్లకు 15 సార్లతోని, 40 గ్రేతోని అయిపోయే పద్ధతి గూడ ఉన్నది. మనోళ్లకు అది సరిపోతదా అని అడుగుడు తప్పు గాదు. పాలియేటివ్ కేర్ అంటె సావుకు దగ్గరైనంక పోయేదనుకోకుండ్రి. నొప్పి, నిద్ర, మనసు, ఇంటోళ్ల అలసట చూసుకునేటోళ్లు వాళ్లు. రేడియేషన్ నడుస్తుండంగనే కలవొచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఇంట్ల పెద్దోళ్లను దవాఖానకు తోల్కపోయేది మనమే. ఒక పది రూపాయల నోట్‌బుక్ పెట్టుకోండ్రి. నిద్ర ఎంత, తిండి ఎంత, ఫిట్స్ ఎప్పుడు వచ్చినయ్, ఏం మర్చిపోయిండు, దేనికి కోపమొచ్చింది, రోజుకు రెండు లైన్లు రాయుండ్రి. డాక్టర్ ‘ఎట్లున్నవ్’ అన్నప్పుడు ఆ బుక్కు ముందల పెట్టుండ్రి. మనిషిని పక్కకు కూసోబెట్టుకొని ‘నీకేం కావాలె’ అని గూడ అడుగుండ్రి.

మేం ఆలస్యంగనన్న అడిగినం. ‘దసరకు ఊర్ల ఉంట’ అన్నడు పెద్దనాయన. డాక్టర్‌కు చెప్తె గోళీల కోర్సు పండుగకు అడ్డం రాకుంట సర్దిండు. ఆ దసరకు ఇంటింటికి తిరగలేకపోయిండు గని అరుగు మీద కుర్చీ ఏసుకొని కూసున్నడు. వచ్చినోళ్లందరి చేతుల జమ్మి పెట్టిండు. పేర్లు కొన్ని తప్పినయ్, ఎవ్వరూ నవ్వలే.

ఆయన పోయి ఏడు నెలలైంది. నేను కసిరిన ఆ మూడో వారమే నాకింక యాదికొస్తది.