దిద్దుకోవడమే ఎదగడం

మార్పు అనగానే మనలో చాలామందికి భయం కలుగుతుంది. ఇంతకాలం చేసినదంతా తప్పని ఒప్పుకోవలసి వస్తుందేమో అన్నదే ఆ భయం. మనం చదువుకొనే ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఈ భయాన్ని జయించిన పెద్దలున్నారు. వారిలో ఇద్దరిని ఇక్కడ స్మరించుకుందాం.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఢిల్లీ కట్టడాలను గురించి 'ఆసారుస్సనాదీద్' అనే ఉర్దూ గ్రంథాన్ని 1847లో ప్రకటించారు. అప్పటికాయన వయస్సు ముప్పది. నాటి పండితుల అభిరుచికి తగినట్లు అది అలంకారభూయిష్ఠమైన శైలిలో సాగింది. ఆయన అంతటితో తృప్తి చెందలేదు. 1854 నాటి రెండవ కూర్పులో విషయాన్ని సవరించి, శైలిని సరళం చేశారు. 1870లో 'తహ్‌జీబుల్ అఖ్లాఖ్' పత్రికను స్థాపించి, సూటియైన ఉర్దూ వచనానికి బాట వేశారు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ప్రహసనాలలో వాడుక మాటలకు చోటిచ్చినా, 'రాజశేఖర చరిత్రము' మొదలైన గ్రంథాలను గ్రాంథికంలోనే వ్రాశారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం ఉద్యమించినప్పుడు అందలి న్యాయాన్ని గ్రహించారు. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. అప్పటికి వారికి డెబ్బది యేండ్లు. ఆ సంవత్సరమే వారు కన్నుమూశారు.

ఈ ఇద్దరిలో ఎవరూ తమ భాషను విడిచిపెట్టలేదు. గాలివాటుకు కొట్టుకొనిపోనూ లేదు. తాము చేసిన పనిని తామే పరీక్షించుకొన్నారు. అందుచేత మార్పు అంటే ఉన్నదానిని పారవేయడం కాదు, దిద్దుకోవడమే. దానికి పేరు ప్రతిష్ఠలు అడ్డు కావు, వయస్సూ అడ్డు కాదు. అడ్డు వచ్చేది అభిమానమొక్కటే.

ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఒత్తులు తప్పుతాయని తెలుగు తరగతిలో నోరు విప్పడు. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవాడు నవ్వుతారని ఉర్దూ లిపి జోలికే పోడు. ఇద్దరూ మౌనంగా మూడేండ్లు గడిపి పట్టా పుచ్చుకొంటారు. తప్పు మాట్లాడనివానికి దిద్దుకొనే అవకాశం ఎక్కడిది? అధ్యాపకులమైన మేము మాత్రం తక్కువ తిన్నామా? ఏనాడో వ్రాసుకొన్న నోట్సునే ఏటేటా చదివి వినిపిస్తూ ఉంటాము. ఈ మాట మాకు మేము చెప్పుకొంటున్నదే.

కావున ఒక చిన్న పనితో మొదలుపెడదాం. దిద్దిన జవాబు పత్రం చేతికి వచ్చినప్పుడు మార్కులు చూసి మడిచిపెట్టకండి. ఎర్రసిరా పడిన వాక్యాన్ని మరొకసారి వ్రాసి మాకు చూపండి. మేమూ ఈ ఏడు మా పాత నోట్సును తిరిగి వ్రాస్తాము.