రేడియేటరు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

పొద్దున రేడియేటరు నిండా పోసిన నీళ్ళు సాయంత్రానికి సగమవుతాయి. కింద నేలమీద ఒక్క చుక్క కనపడదు. ఇంజను మాత్రం పొయ్యిమీది కాగులా కాగుతుంటుంది. పాత కారు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు రాక తప్పదు. అప్పుడు "హెడ్ పోయింది" అని ఒకరు, "ఇంజను దించాలి" అని ఒకరు తలొక మాట చెబుతారు. ఆ మాటల్లో నిజమెంతో ఎలా తేల్చుకోవాలి, తేలిన తరువాత ఏమి చెయ్యాలి అన్నది ఈ చిన్న వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాను. నేను మెకానిక్కును కాను, బి.ఎస్సీ. చదువుతున్న రైతు బిడ్డను. అయితే మా ఇంట్లో పాత పెట్రోలు అంబాసిడర్ ఒకటి ఉన్నది. కూరగాయలు మార్కెట్టుకు చేరవేసేదీ, రాత్రివేళ వీధిలో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ అదే.

అంబాసిడర్ కార్లు 1957 నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైనాయి. వాటిలో చాలాకాలం వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. కింద ఉన్న పెద్ద దిమ్మ బ్లాకు, పైన మూతలాగా కూర్చునేది హెడ్. రెండూ పోత ఇనుమే. ఈ రెంటి నడుమ ఉండే పలుచని పలకే హెడ్ గాస్కెట్.

చూడడానికి అట్టముక్కలా ఉండే ఈ పలక చేసే పని సామాన్యమైనది కాదు. సిలిండరులో మండే వాయువునూ, చుట్టూ తిరిగే నీటినీ, పైకి పోయే ఆయిలునూ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపవలసింది ఇదే. ఒక్క లెక్క వేసి చూద్దాం. ఈ ఇంజనులో సిలిండరు వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు. అనగా వైశాల్యం దాదాపు ఆరున్నర చదరపు అంగుళాలు. పెట్రోలు మండినపుడు లోపలి పీడనం చదరపు అంగుళానికి 400 పౌనులనుకుంటే, హెడ్‌ను పైకి తన్నే బలం ఒక్కొక్క సిలిండరులో సుమారు 2,600 పౌనులు, అంటే 1,180 కిలోలు. 75 కిలోల వడ్ల బస్తాలు దాదాపు పదహారు! ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఈ తన్ను ప్రతి సిలిండరులోనూ సెకనుకు 25 సార్లు పడుతుంది. దీన్నంతా తట్టుకోవాలంటే హెడ్ సమంగా ఉండాలి, నట్లన్నీ ఒకే బిగువుగా ఉండాలి. ఇంజను ఒకసారి బాగా కాగిందంటే హెడ్ వంకరపోవచ్చు. అప్పుడు గాస్కెట్ ఎక్కడ వదులైతే అక్కడ కాలి దారి ఇస్తుంది.

ఆ దారి ఎటు పడిందన్న దానిని బట్టి లక్షణాలు ఉంటాయి. సిలిండరు నుంచి నీటిలోకి పడితే రేడియేటరులో బుడగలు వస్తాయి, చల్లని ఇంజను స్టార్టు చేసిన కొద్దిసేపటికే పై హోసు రాయిలా బిగుస్తుంది. నీరు సిలిండరులోకి పోతే ఇంజను వేడెక్కిన తరువాత కూడా సైలెన్సరు నుంచి తెల్లని పొగ ఆగదు. చలికాలం పొద్దున్నే కాసేపు వచ్చే ఆవిరి మాత్రం రోగం కాదు. నీరు ఆయిలులో కలిస్తే డిప్‌స్టిక్కు మీద, ఆయిలు మూత లోపల చిలికిన మీగడ వంటి పదార్థం పేరుకుంటుంది. అలాంటి ఆయిలుతో బండి నడిపితే బేరింగులు అరిగిపోతాయి, కావున వెంటనే ఆపివెయ్యాలి. ఇక పక్కపక్క సిలిండర్ల నడుమ దారి పడితే ఆ రెండూ సరిగా పనిచెయ్యక బండి కుంటుతుంది.

అయితే ఇంజను కాగిన ప్రతిసారీ గాస్కెట్‌నే నిందించరాదు. ఫ్యాన్ బెల్టు వదులు కావచ్చు, థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు, వాటర్ పంపు కారుతుండవచ్చు, రేడియేటరు మూతలోని స్ప్రింగు అలసిపోయి ఉండవచ్చు. ఆ మూత చిన్నదే కాని దానిలో ఫిజిక్సు ఉంది. చదరపు అంగుళానికి 7 పౌనుల పీడనం నిలిపే మూత ఉంటే నీరు 100 డిగ్రీల దగ్గర కాక దాదాపు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వేడి ఇంజను మీద ఆ మూత తీస్తే నీరు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్మేది అందుకే. ఎంత తొందరున్నా చల్లారనివ్వాలి.

మా బండిని చూసిన ఒక మెకానిక్కు, "ఇది బోరు పనండీ, ఇంజను మొత్తం దించాల్సిందే" అన్నాడు. ఆ ఖర్చు పెట్టాలంటే ఆ యేటి పంట డబ్బులో పెద్దభాగం పోతుంది, లేకుంటే పాత ఇనుము ధరకు బండిని ఇచ్చెయ్యాలి. "ఏరా, మీ సైన్సు ఏమంటుంది?" అని నాన్న నవ్వుతూ అడిగాడు గాని, ఆ నవ్వు వెనుక దిగులు నాకు తెలుసు. రెండు పరీక్షలు చేసి చూద్దామన్నాను.

మొదటిది కంప్రెషన్ పరీక్ష. కాయిల్ వైరు తీసి, ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి ఉంచి, ఒక్కొక్క రంధ్రంలో గేజి పెట్టి స్టార్టరుతో ఇంజనును తిప్పాలి. మా ఇంజనులో 1, 4 సిలిండర్లు 115, 110 పౌనులు చూపాయి. 2, 3 మాత్రం రెండూ 60 దగ్గరే ఆగాయి. తరువాత ఆ రెంటిలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూడాలి. రింగులు, బోరు అరిగి ఉంటే ఆయిలు సందులు పూడ్చి పీడనం పెరుగుతుంది. మాకు పెరగలేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు సమానంగా పడిపోయి, ఆయిలు పోసినా లేవకపోతే అనుమానం బోరు మీద కాదు, వాటి నడుమనున్న గాస్కెట్ మీద పడాలి.

రెండవ పరీక్ష మన కెమిస్ట్రీ లాబులోదే. పెట్రోలు మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది రేడియేటరులో దొరికితే సిలిండరు గాలి నీటిలోకి వస్తున్నట్లే. మా లెక్చరరుగారిని అడిగి కొంచెం బ్రోమోథైమాల్ బ్లూ ద్రావణం తీసుకున్నాను. ఇది పి.హెచ్. 7.6 పైన నీలంగా, 6 కంటే తక్కువైతే పసుపుగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బానిక్ ఆమ్లమవుతుంది గనుక నీలం పసుపుకు తిరుగుతుంది. రెండు గొట్టాలున్న చిన్న సీసాలో ద్రావణం పోసి, చల్లని ఇంజను మూత తీసి, నీటిమట్టం రెండంగుళాలు తగ్గించి, ఇంజనును నిదానంగా నడుపుతూ, నీటికి తగలకుండా పైనున్న గాలిని రబ్బరు బుడ్డితో ద్రావణంలోకి లాగాలి. ముందుగా బయటి గాలిని అన్నేసార్లు లాగి రంగు మారడం లేదని చూసుకోవాలి, లేకపోతే పరీక్షకు విలువ లేదు. మా సీసా బయటి గాలికి నీలంగానే ఉండి, రేడియేటరు గాలికి పసుపుపచ్చగా తిరిగింది. ఈ ద్రావణం దొరకనివారు సున్నపు తేటతో చూడవచ్చు, అది పాలలాగా తెల్లబడుతుంది.

ఇక మరమ్మతు. దీనికి తెలిసిన మెకానిక్కు పక్కన ఉండడం మంచిది. మేము మరొకరిని పిలిపించుకున్నాము. బ్యాటరీ వైరు తీసి, నీళ్ళు వదిలి, హోసులు, కార్బురేటరు, మానిఫోల్డులు విప్పాలి. నట్లు ఒక్కొక్కటి పూర్తిగా ఊడదీయకుండా అన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. ఎనిమిది పుష్‌రాడ్లు ఏ చోటివి ఆ చోటికే పోవాలి కనుక అట్టకు ఎనిమిది రంధ్రాలు చేసి నంబర్లు వేసి గుచ్చి ఉంచాలి. హెడ్ బరువైనది, ఇద్దరు పట్టి నిటారుగా ఎత్తాలి. సందులో స్క్రూడ్రైవరు పెట్టి పెకలించకూడదు.

మా గాస్కెట్ 2, 3 సిలిండర్ల నడుమ నల్లగా కాలి, అక్కడి నుంచి నీటిదారి దాకా గీతపడి ఉంది. ఇక్కడ ఒక హెచ్చరిక. పాతకాలపు గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తుల కాన్సరుకు కారణం. అందుచేత పొడిగా గీకడం, గాలికొట్టి ఊదడం పనికిరాదు. ముక్కుకు మంచి మాస్కు కట్టుకొని, నీటితో తడిపి తీసి, సంచిలో మూటగట్టాలి.

తరువాత నిటారైన ఉక్కు బద్దను హెడ్ మీద పొడవునా, అడ్డంగా, మూలలకూ ఆనించి, సందులో ఫీలర్ గేజి దూర్చి చూడాలి. వంకర ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. వాల్వుల నడుమ బీటలున్నాయేమో కూడా అక్కడే చూపించుకోవాలి. బీట ఉంటే కొత్త గాస్కెట్ వేసినా దండగే. ఈ ఇంజను గాస్కెట్ మీద ఏది ముందు, ఏది పైన అని గుర్తులుంటాయి, వాటిని తప్పరాదు. నట్లను టార్క్ రెంచితో, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు, మూడు విడతలుగా బిగించాలి. దోసెపిండిని మధ్య నుంచి అంచులకు తిప్పినట్లు, బిగింపు కూడా మధ్య నుంచి బయటికి రావాలి. ఒక మూల నుంచి బిగిస్తూ పోతే హెడ్ వంకరగా కూర్చుంటుంది. చివరకు వాల్వుల సందు సరిచేసి, ఆయిలు, ఫిల్టరు మార్చాలి.

కాని మూలకారణం ఉండగా గాస్కెట్ మారిస్తే సరిపోదు. మన ఊళ్ళలో బోరునీళ్ళే రేడియేటరులో పోస్తారు. ఆ నీటిలోని కాల్షియం బైకార్బనేట్ వేడికి కార్బనేటుగా మారి, మన ఇళ్ళలో నీళ్ళ కాగు అడుగున పట్టినట్లే సన్నని గొట్టాలలో పొక్కు కడుతుంది. ఇంటర్మీడియట్‌లో తాత్కాలిక కాఠిన్యమని చదివి మార్కులు తెచ్చుకున్నదే ఇది. మా రేడియేటరు కడిగిస్తే సగం గొట్టాలు పూడి ఉన్నాయి. ఇప్పుడు శుద్ధమైన నీటిలో కూలెంట్ కలిపి పోస్తున్నాము. కూలెంట్ తియ్యగా ఉంటుంది కాని విషం. కారబోసినదాన్ని పశువులు, కుక్కలు నాకకుండా చూడాలి.

మొత్తం మీద బోరు పనికి చెప్పినదానిలో చిన్న భాగంతోనే మా బండి బాగయింది. ఆ వారమే వంకాయ బస్తాలతో మార్కెట్టుకు పోయి, నీటిమట్టం తగ్గకుండా తిరిగి వచ్చింది. మొదటి మెకానిక్కును తప్పుపట్టడానికి ఇది రాయలేదు. చేతి అనుభవంతో ఆయన ఒక మాట చెప్పాడు, గేజి, సీసా మరొకటి చెప్పాయి. సెలవులకు ఇంటికి వెళ్ళే మిత్రులు తమ ఊళ్ళో కాగుతున్న ఇంజను కనిపిస్తే, దించమనే ముందు ఈ రెండు పరీక్షలూ చేసి చూడవలసిందిగా కోరుతున్నాను. గేజి ఏ పెద్ద షెడ్డులోనైనా ఉంటుంది. సున్నం ఊరూరా ఉన్నదే కదా!

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సర విద్యార్థి