తాతయ్య ఫోటో ఏ డ్రైవులో ఉంది? – ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవు కొనబోయే ముందు

పోయిన ఏడాది ఒక శనివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. తణుకు దగ్గర మా ఊళ్ళో పాత పెంకుటిల్లు తీసేసి కొత్తిల్లు కట్టారు. గృహప్రవేశం నాటికి హాల్లో తాతయ్య ఫోటో పెట్టాలని అమ్మ కోరిక. "ఒరేయ్ నాన్నా, నువ్వు అమెరికా వెళ్ళేముందు తాతయ్యని వీధరుగు మీద కూర్చోబెట్టి తీశావు చూడు, ఆ ఫోటో పంపు. ఇక్కడ పెద్దది చేయించి ఫ్రేము కట్టిస్తాం" అంది. "అదెంతసేపమ్మా, రేపటికల్లా పంపిస్తా" అన్నాను.

ఆ ఫోటో 2014లో తీసింది. తాతయ్య 2017లో పోయారు. స్టాంపింగు గొడవలో ఉండి నేను వెళ్ళలేకపోయాను.

బల్ల సొరుగులోంచి హార్డ్ డ్రైవు తీసి లాప్‌టాప్‌కి తగిలించాను. దీపం వెలిగింది కానీ డ్రైవు కనపడలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే గోడగడియారంలా టిక్, టిక్ మని చప్పుడు. కేబులు మార్చి, పోర్టు మార్చి, పీకి, మళ్ళీ పెట్టి, అలా ఒక పదిసార్లు ప్రయత్నించాను. చివరికి డేటా రికవరీ వాళ్ళకి పంపిస్తే, విప్పి చూసి, "పళ్ళేల మీద గీతలు పడిపోయాయి, ఏమీ రాదు" అని తిప్పి పంపారు.

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి. పగలంతా క్లయింట్లకి డిజాస్టర్ రికవరీ ప్లాన్లు రాసిస్తాను. మా ఇంట్లో ప్లాను మాత్రం ఒక సొరుగు, అందులో ఒక డ్రైవు! ఈ నెల వ్యాసం నాలాంటి తెలివైనవాళ్ళ కోసం.

బ్యాకప్ అంటే ఏమిటి?

మనలో చాలామంది చేసే పని ఇది. లాప్‌టాప్ నిండిపోతుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవు కొంటాం. ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, లాప్‌టాప్‌లోవి తీసేస్తాం. ఎవరైనా అడిగితే "అన్నీ బ్యాకప్ చేసేశాను" అంటాం. అది బ్యాకప్ కాదు, ఇల్లు మారడం. ముందు ఒక కాపీయే ఉంది, తర్వాతా ఒక కాపీయే ఉంది. రెండోది ఉంటేనే బ్యాకప్.

అందుకని "ఏ డ్రైవు కొనాలి?" అని అడిగే మిత్రులకి నేనిప్పుడు చెప్పేది ఒకటే: ఏదైనా కొనండి, కానీ రెండు కొనండి. మీ బడ్జెట్‌లో ఒక ఖరీదైన డ్రైవు వస్తుందా, రెండు మామూలువి వస్తాయా అంటే, కళ్ళు మూసుకుని రెండు మామూలువి తీసుకోండి.

దీనికి లెక్క కూడా ఉంది. బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ తన డేటా సెంటర్లలోని లక్షలాది హార్డ్ డ్రైవుల్లో ఎన్ని చెడిపోయాయో క్రమం తప్పకుండా ప్రకటిస్తుంది. 2023లో ఆ రేటు 1.70 శాతం. అంటే ఏడాదిలో సుమారు అరవై డ్రైవులకి ఒకటి. అదీ చల్లటి గదిలో, కదలకుండా ఉన్నవాటికి. మన డ్రైవు సంచిలో తిరుగుతుంది, బల్ల మీంచి పడుతుంది, పిల్లల చేతికి చిక్కుతుంది. కాబట్టి చెడిపోతుందా అని కాదు, చెడిపోయిన రోజున మన చేతిలో ఇంకేముందీ అని ఆలోచించాలి.

ఎంత పెద్దది కావాలి?

ఫోన్‌తో తీసే 12 మెగాపిక్సెళ్ళ జేపెగ్ ఫోటో సుమారు 3 నుంచి 4 మెగాబైట్లు. ఇరవై వేల ఫోటోలున్నా 80 గిగాబైట్లు దాటదు. కెమెరాలో రా ఫైళ్ళు తీసేవారికి 24 మెగాపిక్సెళ్ళ ఫోటో ఒక్కోటి 25, 30 మెగాబైట్లు అవుతుంది. అసలు చోటు తినేది వీడియో. ఐఫోన్‌లో 4కె వీడియో సెకనుకి 30 ఫ్రేముల చొప్పున తీస్తే, హై ఎఫిషియెన్సీ పద్ధతిలో కూడా నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు. అమ్మాయి కూచిపూడి అరంగేట్రం రెండు గంటలు తీశారనుకోండి, అదొక్కటే 20 గిగాబైట్లు.

నేను పాటించే సూత్రం: ఈ రోజు మీ దగ్గర ఉన్నదానికి మూడింతలు కొనండి. చాలా కుటుంబాలకి 2 టెరాబైట్లు సరిపోతుంది, వీడియో ప్రియులకి 4. అన్నట్టు 1 టెరాబైటు డ్రైవు విండోస్‌లో 931 గిగాబైట్లే చూపిస్తే కంగారు పడకండి. తయారీదారులు వెయ్యితో గుణిస్తారు, విండోస్ 1024తో భాగిస్తుంది. అంతే తేడా.

తిరిగే పళ్ళేలా? చిప్పులా?

హార్డ్ డిస్కులో పళ్ళేలు తిరుగుతుంటాయి. వాటి మీద వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో హెడ్లు కదులుతుంటాయి. తిరిగేటప్పుడు కిందపడితే ఆ హెడ్డు పళ్ళేన్ని గీకేస్తుంది. నా డ్రైవుకి జరిగింది అదే. ఎస్‌ఎస్‌డీలో కదిలేవేమీ లేవు, కాబట్టి దెబ్బలకి తట్టుకుంటుంది. వేగం కూడా ఎక్కువ. 500 గిగాబైట్లు ఎక్కించడానికి సెకనుకి 120 మెగాబైట్లు రాసే పోర్టబుల్ హార్డ్ డిస్కుకి గంటా పది నిమిషాలు పడితే, 1000 మెగాబైట్లు రాసే ఎస్‌ఎస్‌డీకి అంతా సజావుగా సాగితే తొమ్మిది నిమిషాలు చాలు.

మరి ఎస్‌ఎస్‌డీయే కొనేయొచ్చుగా? రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి ధర: అంతే చోటుకి హార్డ్ డిస్కు కన్నా బాగా ఎక్కువ. రెండోది చాలామందికి తెలియదు. ఎస్‌ఎస్‌డీ డేటాని విద్యుదావేశంగా దాచుకుంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పడుంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీలకి జెడెక్ ప్రమాణం అడిగేది, దాని రాత జీవితం పూర్తయ్యాక కూడా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది పాటు డేటా నిలవాలని. కొత్తది అంతకన్నా చాలాకాలమే నిలుస్తుంది, కానీ వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్ళో బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి నా సలహా: చేతిలో తిరిగే కాపీకి ఎస్‌ఎస్‌డీ, బీరువాలో పడుండే కాపీకి హార్డ్ డిస్కు.

హార్డ్ డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ అనే మాట కనిపిస్తే భయపడొద్దు. పెంకుటింటి మీద పెంకుల్లా ట్రాకులని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాసే పద్ధతి అది. రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ మార్చేవారికి నెమ్మది. ఫోటోలు ఒకసారి రాసి పదిసార్లు చూసుకునేవి కాబట్టి మనకి పరవాలేదు.

కొట్లో చూడాల్సిన చిన్న విషయాలు

జేబులో పట్టే 2.5 అంగుళాల డ్రైవుకి యూఎస్‌బీ కేబులు చాలు. బల్ల మీద పెట్టే 3.5 అంగుళాల దానికి వేరే ఎడాప్టరు కావాలి. దాన్ని ఇండియా పంపే ఆలోచన ఉంటే ఎడాప్టరు మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి.

కొన్ని పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ పోర్టుని డ్రైవు బోర్డు మీదే అతికిస్తారు. పోర్టు విరిగితే, లోపలి డిస్కు తీసి వేరే కంప్యూటరులో పెట్టుకునే దారి ఉండదు. కొన్నిట్లో మనం పాస్‌వర్డు పెట్టకపోయినా డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయటి సర్క్యూటు పోతే డిస్కు బాగున్నా చదవలేం. రెండో కాపీ ఉండాలనడానికి ఇదింకో కారణం.

ఫార్మాటు సంగతి. ఇంట్లో మ్యాకూ విండోసూ రెండూ ఉంటే ఎక్స్‌ఫ్యాట్ వాడండి, రెండిట్లోనూ రాస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుంది కానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా రాయదు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు, అరంగేట్రం వీడియో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగు లేదు కాబట్టి, ఎజెక్ట్ చేయకుండా కేబులు పీకడం మాత్రం మానుకోండి.

మరొక హెచ్చరిక. 16 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ నలభై డాలర్లకే అని ఎక్కడైనా కనిపిస్తే అది మోసం. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పెద్ద సైజు చూపించేలా మారుస్తారు. నిండాక పాత ఫోటోల మీదే కొత్తవి రాసేస్తుంది. కొత్త డ్రైవు ఏదైనా సరే, ఫోటోలు ఎక్కించే ముందు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యు, మ్యాక్‌లో ఎఫ్3 లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఒకసారి పూర్తిగా నింపి పరీక్షించండి.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా. పేద్ద కంపెనీలు కూడా ఇప్పటికీ దీన్నే పట్టుకుని వేలాడతాయి. దూరంగా ఎందుకంటే, ఇంట్లో దొంగలు పడినా, నిప్పంటుకున్నా ఒకే సొరుగులోని రెండు డ్రైవులూ కలిసే పోతాయి.

"క్లౌడు ఉండగా ఇదంతా ఎందుకు?" అంటారేమో. క్లౌడు మంచి మూడో కాపీ. కానీ సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఫోన్‌లో పొరపాటున తీసేస్తే అక్కడా పోతుంది. నియమాలు కూడా మారుతుంటాయి. గూగుల్ ఫోటోస్‌లో ఉచితంగా ఎన్నయినా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్ళు వాడని ఖాతాలని 2023 డిసెంబరు నుంచి తొలగించవచ్చని గూగులే ప్రకటించింది. అమ్మానాన్నల పేరున ఖాతా తెరిచి మర్చిపోయినవాళ్ళు ఒకసారి లాగిన్ అయి చూడండి.

మనలాంటివాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. దూరంగా ఇంకో ఇల్లుంది! ఇప్పుడు నా ఫోటోలు ఒక ఎస్‌ఎస్‌డీలో నా దగ్గర, ఒక హార్డ్ డిస్కులో ఊళ్ళో అమ్మ బీరువాలో, ఒక కాపీ క్లౌడులో. ఇండియా వెళ్ళినప్పుడల్లా కొత్త కాపీ ఉన్న డ్రైవు ఇచ్చి పాతది తెచ్చుకుంటాను. చెకిన్ పెట్టెలో కాదు, చేతి సంచిలో. చెమ్మ తగలకుండా జిప్ కవరులో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టాను. కలరా ఉండల వాసన వస్తుందనుకోండి, దానికేం కాదు.

కొన్నాక చేయాల్సినవి నాలుగే. ఆరు నెలలకోసారి డ్రైవు తగిలించి కొన్ని ఫోల్డర్లు తెరిచి చూడండి. అయిదేళ్ళు దాటితే కొత్తదానిలోకి మార్చండి. రెండు డ్రైవులూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కాకుండా చూసుకోండి. ఇక టిక్ టిక్ శబ్దం వస్తే వెంటనే కేబులు పీకేయండి, రికవరీ సాఫ్ట్‌వేర్లు నడపొద్దు. ప్రతి ప్రయత్నానికీ గీతలు పెరుగుతాయి. నేను చేసిన పదీ పాడు పనులే.

ఇంతకీ తాతయ్య ఫోటో ఏమైందంటారా? మా పిన్ని కొడుకు ఫోన్‌లో వాట్సాప్‌లో ఎప్పుడో నేను పంపిన కాపీ దొరికింది. వాట్సాప్ పంపేటప్పుడే ఫోటోని బాగా కుదించేస్తుంది కదా, ఫోన్‌లో బాగానే కనిపించింది. రెండడుగుల ఫ్రేములోకి పెంచేసరికి మొహం అలుక్కుపోయింది. కొత్తింటి హాల్లో ఇప్పుడున్నది అదే. అమ్మ ఏమీ అనలేదు. "దూరం నుంచి చూస్తే తాతయ్యలాగే ఉన్నారులేరా" అంది.

ఈ శనివారం మీ సొరుగు ఒకసారి తెరవండి. ఆ ఒక్క డ్రైవు ఇంకా పలుకుతుంటే, రెండోది ఆ రోజే కొనండి.