ఆ షిఫ్టులో మీరేం చేశారు?

‘మీ పనిలో ఎదురైన ఒక చిక్కు సమస్య చెప్పండి. దాన్ని ఎలా పరిష్కరించారు?’ ఎన్టీపీసీ కానివ్వండి, రామగుండం ఎరువుల కర్మాగారం కానివ్వండి, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ కానివ్వండి, ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. మైనింగ్ డిప్లొమా చదివి, బొగ్గు బాయిలో రెండేళ్లు పనిచేసిన గోదావరిఖని యువకుడు దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. కానీ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు ‘కష్టపడి పనిచేస్తాను, టీమ్‌తో కలిసిపోతాను’ అని గుణగణాలు చెబుతారు. ఇంకొందరు రెగ్యులేషన్లు అప్పజెబుతారు. అడిగింది మాత్రం జరిగిన ఒక సంఘటన.

ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని మీద భయం తగ్గుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త, ఆయన బృందం అమెరికా వైమానిక సిబ్బందిని అభిప్రాయాలు అడగడం మానేసి, జరిగిన సంఘటనలు అడిగారు. ఏ క్షణంలో ఎవరు ఏం చేశారు, దానివల్ల పని నెగ్గిందా చెడిందా అని ఆరా తీశారు. ఆ పద్ధతిని ఫ్లానగన్ 1954లో ప్రచురించారు. జరిగిన పనిని గురించి అడిగే ఇంటర్వ్యూ, పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూ కంటే మనిషి పనితీరును మెరుగ్గా అంచనా వేస్తుందని 1982లో టామ్ జాంజ్ అనే పరిశోధకుడు చూపారు. అంటే ప్రాణాలతో ముడిపడిన పనిలో పుట్టిన ప్రశ్న ఇది. బొగ్గు గని మనిషికి ఇది పరాయిది కాదు.

గనిలో తనిఖీలు చేసే సర్దార్ షిఫ్టు ముగించేముందు రిపోర్టు పుస్తకం రాస్తాడు. పైకప్పు ఎలా ఉంది, గాలి ఎలా ఆడుతోంది, గ్యాస్ ఉందా, ఏ సపోర్టు పెట్టించాడు, ఏ పని మిగిలింది, తర్వాతి షిఫ్టువాళ్లు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఇంటర్వ్యూ జవాబుకు ఇంతకంటే మంచి నమూనా నాకు కనిపించలేదు. చూసింది, పరీక్షించింది, చేసింది, మిగిలింది. ఆ వరుసలో చెబితే చాలు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. భూగర్భ గనిలో రెండో షిఫ్టులో బొగ్గు మోసే బెల్టు పదేపదే ట్రిప్ అవుతోంది. ‘మోటార్ సమస్య వచ్చింది, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సరిచేయించాం’ అంటే జవాబు ఒక్క వాక్యంలో అయిపోయింది. అందులో చెప్పేవాడి బుర్ర ఎక్కడా కనిపించలేదు. అదే పనిని ఇంకోలా చెప్పవచ్చు. ‘ట్రిప్ అయిన సమయాలు రాసుకున్నాను. షిఫ్టు మొదట్లో బాగానే నడిచి, రెండు గంటల తర్వాత ఆగుతోంది. మోటార్ చెడితే మొదటి నుంచే తేడా కనిపించాలి కదా అని అనుమానం వచ్చింది. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయిస్తే మోటార్ బాగానే ఉంది. బెల్టు ఆపించి వెంబడి నడిచి చూశాను. పైకప్పు నుంచి నీళ్లు కారేచోట తడి బొగ్గు పొడి పేరుకుని కొన్ని రోలర్లు తిరగడం లేదు. అందుకే లోడు పెరుగుతోంది. రిలే సెట్టింగ్ పెంచి నడిపిద్దామని ఒక సూచన వచ్చింది. తిరగని రోలర్ మీద బెల్టు రాసుకుంటే మంట పుడుతుంది, వద్దన్నాను. పొడి తీయించి, రోలర్లు మార్పించాం. నీటి కారుడు మాత్రం నా చేతిలో లేదు. అండర్ మేనేజర్‌కు చెప్పి, రిపోర్టులో రాశాను.’

ఇందులో గొప్ప ఇంజినీరింగ్ ఏమీ లేదు. కానీ ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవారికి కావలసినవన్నీ ఉన్నాయి. మొదటి అనుమానాన్నే నమ్మి కూర్చోలేదు. సులువుగా కనిపించిన దారిని ఎందుకు వద్దన్నాడో కారణం చెప్పాడు. తన వల్ల కానిది తన వల్ల కాలేదనే చెప్పాడు. ఈ చివరి మాట చెప్పడానికి మనవాళ్లు జంకుతారు. జంకవద్దు.

భద్రత కోసం పని ఆపిన సంఘటన ఉంటే దాన్నే ముందు చెప్పండి. మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. పాత తవ్వకాల్లో నీరు నిలిచి ఉండే అవకాశం ఉంటే, వాటికి 60 మీటర్ల దూరం లోపలికి అనుమతి లేకుండా పోకూడదు, ముందు బోరు వేసి చూసుకుంటూ కదలాలి. ఈ జాగ్రత్తల విలువ గోదావరిఖనికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ ఊరి నుంచి వచ్చినవాడు ‘ఉత్పత్తి ఆగుతుందని తెలిసినా మనుషులను బయటికి పంపించాను’ అంటే, ఆ మాటకు బరువుంటుంది. ఉత్పత్తి లెక్కలే గొప్పగా చెప్పి, ఈ సంగతి దాచిపెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మరో చిక్కు ఉంది. గనిలో ఏ పనీ ఒక్కడు చేయడు. అందుకే మనవాళ్లు అన్నింటికీ ‘మేం చేశాం’ అంటారు. అది మంచి సంస్కారమే. కాకపోతే బోర్డు వెంటనే ‘అందులో మీ పని ఏమిటి?’ అని అడుగుతుంది. సపోర్ట్‌మన్ ఏం చేశాడు, ఫిట్టర్ ఏం చేశాడు, మీరేం నిర్ణయించారు అన్నది విడదీసి చెప్పండి. ఎవరి కష్టమూ తగ్గదు. పాత అధికారి మీద ఫిర్యాదులు మాత్రం అక్కడ ఎత్తవద్దు.

సాధన చేసేటప్పుడు బాయి ముఖం చూడనివారికి చెప్పి చూడండి. రిటైరైన నాన్నకు చెబితే, మీరు వదిలేసిన ఖాళీలు ఆయనే పూరించుకుంటారు. చెల్లెలికి చెబితే ‘రోలర్ ఎందుకు తిరగలేదు?’ అని ఆపి అడుగుతుంది. బోర్డులో హెచ్ఆర్ నుంచి వచ్చినవారూ అలాగే అడుగుతారు. ముందు తెలుగులో వరుస కుదిరితే, ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలతో అయినా నిలబడగలరు.

గోదావరిఖని చుట్టుపక్కల, సెంటినరీ కాలనీలో, యైటింక్లైన్‌లో రిటైరైన ఓవర్‌మెన్లు, సర్దార్లు ఎందరో ఉన్నారు. వారికి ఒక విన్నపం. పక్కింటి పిల్లవాడు ఇంటర్వ్యూకు వెళ్తున్నాడని తెలిస్తే, ఒక సాయంత్రం కూర్చోబెట్టి ‘ఆ షిఫ్టులో నువ్వేం చేశావు?’ అని అడగండి. సరైన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.