కునుకు లేని కాపలా
ఖాకీ చొక్కా మాటున కనిపించని గాయాలు

ఊరి బావిలో శవం తేలిందని కబురందితే వెంటనే రావలసింది పోలీసులే. పంచనామా ముగిసి శవాన్ని పోస్టుమార్టంకు పంపేదాకా కానిస్టేబుల్ అక్కడే కాపలా ఉండాలి. ఊరి జనం నాలుగు రోజులు చెప్పుకుని మరచిపోతారు. అతను మాత్రం మరునాడే జాతర బందోబస్తుకో, రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన వారిని బయటకు తీయడానికో వెళ్ళాలి.

1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షను ప్రకారం పోలీసు ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్లే లెక్క. చట్టం లెక్క ఏదైనా ఒళ్ళు ఒప్పుకోవాలి కదా! కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి 2014లో ఒక అధ్యయనం వెలువరించింది. దేశంలో పోలీసు స్టేషన్ల సిబ్బందిలో నూటికి 90 మంది రోజుకు 8 గంటలకు మించి పని చేస్తున్నట్లు అందులో తేలింది. తమ సిబ్బందికి నెలకొక్క వారపు సెలవైనా దొరకడం లేదని స్టేషన్ అధికారుల్లో నూటికి 73 మంది చెప్పారు.

చూసినవి వెంటాడితే...

ఘోరం చూసిన మనిషికి కొన్నాళ్ళు నిద్ర పట్టకపోవడం సహజం. నెల దాటినా అదే దృశ్యం కళ్ళ ముందు మెదలుతున్నా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నా, అయినదానికీ కానిదానికీ ఇంట్లో వాళ్ళ మీద విరుచుకుపడుతున్నా అది జబ్బేమోనని అనుమానించాలి. నిద్ర కోసం సారా సీసా పట్టినవారికి రెండో జబ్బు తోడవుతుంది. డాక్టరు దగ్గరకు వెళితే "పిరికివాడు" అంటారేమోనన్న జంకుతో చాలామంది నోరు విప్పరు.

ఇది పోలీసుల ఇంటి గొడవే అనుకుంటే పొరపాటు. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి ముందు రైతు పొలం తగాదా ఫిర్యాదు పెడితే ఓపికగా వినగలడా? విసుగు, కసురు చివరకు పడేది ఫిర్యాదుదారు మీదే. అలాగని అలసట పేరుతో చెయ్యి చేసుకోవడం మాత్రం ఎవరికీ చెల్లదు.

మార్గం లేకపోలేదు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 జూన్‌లో పోలీసులకు వారపు సెలవు ప్రవేశపెట్టింది. అయితే ఒకరికి సెలవిస్తే ఆ పని చేసే మరొకరు ఉండాలి. ఖాళీలు నింపకపోతే సెలవు కాగితం మీదే మిగులుతుంది.

ఘోరమైన కేసు చూసి వచ్చినవారికి కాస్త విశ్రాంతినివ్వడం, శవాల పని ఎప్పుడూ ఒక్కరికే అప్పగించకపోవడం స్టేషన్ అధికారి చేతిలో పనులే. జరిగినదంతా ఆ రోజే చెప్పమని బలవంతపెట్టనక్కర లేదు. చెప్పాలనుకున్నప్పుడు వినే మనిషి ఉంటే చాలు. తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించాలి. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పోలీసులకే కాదు, ఊళ్ళో ఎవరికైనా ఆ సాయం అందుతుంది.

1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల దాడిలో నేలకొరిగిన పదిమంది జవాన్ల స్మృత్యర్థం ఏటా అక్టోబరు 21న అమర పోలీసులకు నివాళులర్పిస్తున్నారు. డ్యూటీలో ఉన్నవారికి కంటినిండా నిద్ర, వారానికో సెలవు సమకూర్చే బాధ్యత కూడా అధికారులదే.