ద్రవ్య వినిమయ జాలం

కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనా దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్న, తెలుగు విస్తృతంగా వినిపించే పావగడ తాలూకాలో భూగర్భజలాలను పీడిస్తున్న ఫ్లోరైడ్‌ను తొలగించడమంటే, దానిని నీటి ప్రవాహం నుంచి మరో మాధ్యమానికో, మరో ప్రవాహానికో మళ్లించడమే. యాక్టివేటెడ్ అల్యూమినా వడపోతలో ఫ్లోరైడ్ ఆ గుళికల ఉపరితలానికి చేరుతుంది, ఆర్.ఓ. యంత్రంలో పొర దాటలేక తిరస్కృత జలంలో మరింత చిక్కబడుతుంది.

ఇలాంటి పరికరాలను ఎన్ని, ఏ వరుసలో కలిపితే భారతీయ ప్రమాణం కోరే లీటరుకు 1 మిల్లీగ్రాము స్థాయి కనిష్ఠ వ్యయంతో అందుతుందో తేల్చే గణిత సమస్యే ద్రవ్య వినిమయ జాల రూపకల్పన. కర్మాగారాల్లో వేడిని పొదుపు చేసే ఉష్ణ వినిమయ జాలాల నుంచి ఈ ఆలోచనను 1989లో ఎల్-హల్వాగీ, మనుసియుథాకిస్ ద్రవ్యానికి విస్తరింపజేశారు.

ఈ సమస్యలో పరికరాల మధ్య ప్రతి అనుసంధానం ఉండాలా వద్దా అనేదానిని 1 లేదా 0 సూచించగా, ప్రవాహ పరిమాణాలు, గాఢతలు అవిచ్ఛిన్న చలరాశులవుతాయి. వ్యయ సూత్రాలు సరళరేఖలో నడవవు కనుక, గణన ఒక్కోసారి అసలైన కనిష్ఠాన్ని చేరకముందే ఏదో ఒక స్థానిక కనిష్ఠం వద్ద ఆగిపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది, లెక్కలో ఏ ఖర్చును చేర్చారన్నది: పంపుల విద్యుత్తును, పొరల ధరను మాత్రమే లెక్కించి తిరస్కృత జలాన్ని విస్మరిస్తే, ఫ్లోరైడ్‌ను తిరిగి అదే నేలలోకి వదలడమే చవకైన పరిష్కారంగా తేలుతుంది. అందువల్ల ఆ నీటి నిర్వహణ వ్యయం, కనిష్ఠం చేయాల్సిన లక్ష్య ప్రమేయంలో మొదటి నుంచే చేరి ఉండాలి.